బండి పోయి బండిలో ఎక్కుతాదా?

పెనుకొండకు ఇవతల హిందూపురం రోడ్డు మీద ఒక మిట్ట ఉంది. ఆ మిట్ట మీద, పట్టపగలు, బస్సు నిండా జనం చూస్తుండగా, ఒక టెంపో ముందు చక్రాలు రెండూ గాలిలోకి ఎత్తి, దండం పెట్టే ఎలుగుబంటిలా నిలబడింది. లోపల డ్రైవరు పక్కన ఒక మహాతల్లి కూర్చుని ఉంది. అప్పటిదాకా ఆమె కళ్లెదుట ఉన్న రోడ్డు పోయి ఆకాశం వచ్చింది. ఆ మహాతల్లిని నేనే. ఆ బండి నాదే. దాన్ని అలా నిలబెట్టిన బుద్ధి కూడా, చెప్పుకుంటే సిగ్గు, నాదే. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. నాకైతే ఇన్నేళ్లయినా కోపమే వస్తుంది. ఆ రోజు తలుచుకుంటే చెప్పు తీసి నా నెత్తిన నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ముందే ఒక మాట. నాకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. బస్సు నంబరైనా, తూకం రాయి మీదైనా, క్యాలెండరులో తేదీ అయినా టకటకా చదువుతాను. అక్షరం మాత్రం నా కంటికి చీమల బారు. ఈ సగం చదువు ఉందే, అసలు చదువు లేకపోవడం కన్నా ప్రమాదం. ఏమీ రానివాడు అడుగుతాడు. సగం వచ్చినవాడు అడగడు, అరుస్తాడు. నేను అరిచే రకం.

ఎనభైల మాట ఇది. మా ఆయన హిందూపురంలో నాలుగు చక్రాల టెంపో నడిపేవాడు. రొద్దం వైపు పల్లెలు తిరిగి పట్టుగూళ్లు ఎక్కించుకొచ్చి మార్కెట్టులో దించడం ఆయన పని. పట్టుగూడు ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నారా? ఊదితే ఎగిరిపోతుంది. సంచి మీద సంచి వేసి, క్యాబిను మీద ఇంకో అంతస్తు లేపి, తాళ్లతో బిగిస్తే మా బండి నడిచే కొండలా వచ్చేది. బరువు ఎంత అని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఎత్తు ఎంత అనే అడిగేవాళ్లం. మార్కెట్టు గేటు పైకమ్మీకి తగలకపోతే లోడు సరిపోయినట్టు. అదే మా తూకం, అదే మా వేదం.

అలాంటి మనిషి జ్వరమని పడుకుని మళ్లీ లేవలేదు. నన్నూ, ఇద్దరు పిల్లల్నీ, టెంపోనీ వదిలేసి పోయాడు. ఆ నలుగురిలో కూడు సంపాదించగలిగింది టెంపో ఒక్కటే. దాని మీద మా మరిది కన్ను పడింది.

మా మరిది పేరు ఓబులేసు. బెల్లం మండీలో గుమాస్తా. ఎనిమిదో తరగతి పాసయ్యాడు. ఆ ఎనిమిదిని నుదుటి మీద బొట్టులా పెట్టుకుని తిరిగేవాడు. కర్మాంతరం అయిన వారానికే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"వదినా, ఆ బండి అమ్మేద్దాం. ఆడది బండి పెట్టుకోని ఏం చేస్తాది?"

"మొగోడు ఏం చేస్తాడో అదే చేస్తాది. తోలేదానికి మస్తాను ఉండాడు. లోడు నేను చూసుకుంటా."

మస్తాను మా ఆయన దగ్గర చాలా ఏళ్లు పనిచేసిన డ్రైవరు. నెమ్మది మనిషి. పది మాటలకు ఒక మాట బదులిస్తాడు, అదీ నేలను చూస్తూ.

"లోడు గురించి నీకేం తెలుసు?" అన్నాడు ఓబులేసు.

"నీకేం తెలుసు? నువ్వు మోసేది పెన్సిలు ఒకటే గదప్పా!"

ఓబులేసు ముఖం కాలిన చింతగింజలా అయింది. "సరే అయితే. ఎల్లుండి ఉగాది. ధర్మవరం అంగళ్లలో బెల్లం అయిపోయిందంట. రేపు మా మండీ నుంచి యాభై మూటలు పోవాల. మూట యాభై కిలోలు. పొద్దు గూకేలోపల నీ బండి ఆ యాభై మూటలూ ఆడ అంగడిలో దించితే బండి నీది, నేను నోరెత్తను. దించలేకపోతే నేను చెప్పినోళ్లకు అమ్మాల."

"దించకపోతే నా పేరు సుంకమ్మ కాదు," అన్నాను. పేరు మార్చుకునేదాకా వస్తుందని అప్పుడు తెలియదు.

మర్నాడు తెల్లవారుతూనే బండి మండీ ముందుకు వచ్చింది. హమాలీలు మూటలు మోయడం మొదలుపెట్టబోతుంటే నాకు బండి తలుపు మీది అంకెలు కనిపించాయి. తెల్లరంగుతో ఒకదాని కింద ఒకటి. పైది 1400, కిందది 2500. వాటి పక్కన చీమలు బారులు తీరి ఉన్నాయి. వాటిని నేను లెక్కలోకి తీసుకోలేదు. యాభై మూటలు, మూటకు యాభై, మొత్తం రెండువేల ఐదువందలు. తలుపు మీద రెండువేల ఐదువందలు. దేవుడే కొలిచి పంపినట్టు సరిపోయింది! మరి పైనున్న చిన్న అంకె ఎందుకు? దానికీ నా దగ్గర జవాబు ఉంది. చిన్నది వానాకాలానికి, పెద్దది ఎండాకాలానికి.

"ఓబులేసూ, చూడప్పా. సరిపోయిందా లేదా?"

ఎనిమిదో తరగతి ముందుకు వంగి, కళ్లు చికిలించి, చీమల్ని ఒక్కొక్కటే చదివింది. "ఆర్, ఎల్, డబ్ల్యూ. ఇరవై ఐదు క్వింటాళ్లు. సరిగ్గా సరిపోయింది."

అప్పుడు మస్తాను గొంతు సవరించుకున్నాడు. "అక్కా, ఆ కింద అంకెలో బండి గూడా ఉండాది."

"ఎందులో?"

"ఆ రెండువేల ఐదువందల్లో. బండి బరువు గూడా కలిపి రాసింటారు."

"బండి పోయి బండిలో ఎక్కుతాదా, మస్తానూ?"

హమాలీలు పకపకా నవ్వారు. ఓబులేసు కూడా నవ్వాడు. అది చూసి నాకు ఇంకా ఊపొచ్చింది. పదిమంది నవ్వితే నోటికి కళ్లెం ఉండదు.

"నేను నెత్తిన కుండ పెట్టుకోని పోతాంటే, నన్ను గూడా నేనే మోస్తాండానని ఎవురన్నా లెక్కేస్తారా?"

"మోస్తాండావు గదక్కా," అన్నాడు మస్తాను నేలను చూస్తూ. "నీ కాళ్లకు తెలుసు అది."

"గమ్మునుండు!"

యాభై మూటలూ ఎక్కాయి. ఎక్కాక చూస్తే తొట్టి సగం కూడా నిండలేదు! మార్కెట్టు గేటు కమ్మీకి నాలుగు మూరలు ఖాళీ. పట్టుగూళ్లు చూసిన కళ్లకు అది లోడులాగే కనబడలేదు. అవమానంగా కూడా ఉంది. ఇంకో పది మూటలు ఉంటే వేసేదాన్నే, నా అదృష్టం కొద్దీ లేవు. పైగా ఇంకో తెలివి చూపించాను. ధర్మవరంలో దించేటప్పుడు చేతికి అందాలని మూటలన్నీ తొట్టి వెనకవైపుకే పేర్పించాను. బుద్ధి ఒకసారి గడ్డి తినడం మొదలుపెడితే వామి అయిపోయేదాకా లేవదు.

"అక్కా, కమాను పట్టీలు చూడు," అన్నాడు మస్తాను. బండి వెనక చక్రాల పైన విల్లులా వంగి ఉండాల్సిన ఇనుప పట్టీలు అప్పడాల్లా చదునైపోయాయి. టైర్లు పక్కలకు ఉబ్బి, పంటినొప్పి వచ్చినవాడి దవడల్లా ఉన్నాయి.

"గాలి కొట్టిచ్చు. ఎక్కు," అన్నాను.

ఓబులేసు, "నేను వెనకాల బస్సులో ధర్మవరం వస్తాండా, ఆడ లెక్క నేను చూడాల," అని చేతిలోని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. సరుకు అప్పజెప్పే బాధ్యత తనదని మండీలో సంతకం పెట్టిన చీటీ అది. ఆ చీటీని గుర్తుపెట్టుకోండి. ఆ రోజు నా వైపు పనిచేసింది అదొక్కటే.

బయలుదేరాం. బండి నడుస్తోందో, నిద్రలో కాళ్లీడుస్తోందో తెలియలేదు. పాల క్యాన్లు కట్టుకున్న సైకిలాయన మమ్మల్ని దాటిపోతూ, "ఏమక్కా, బండికి ఒంట్లో బాగలేదా?" అని పలకరించాడు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి వాడి సైకిల్నీ, వాడి పాలనూ, ఆ పాలల్లో నీళ్లనూ కలిపి తిట్టాను. అప్పటికే వాడు చాలా దూరం పోయాడు.

కొంతసేపటికి మస్తాను అన్నాడు. "అక్కా, స్టీరింగు శానా తేలిగ్గా ఉండాది."

"తేలిగ్గా ఉంటే మంచిదే గదప్పా! చేతులు నొయ్యవు."

"తేలిగ్గా ఉండగూడదక్కా. ముందు చక్రాలు నేలను సరిగా తొక్కడం లేదు."

"పొద్దున్నుంచి అపశకునం మాటలే పలుకుతాండావు! తోలు!"

మిట్ట వచ్చింది. మొదటి గేరు వేశాడు. బండి మూలిగింది. సగం ఎక్కాక వెనక ఎక్కడో 'ఠప్' మని మోగింది. కమాను పట్టీ విరిగిందని తర్వాత తెలిసింది. బండి ఒక కుదుపు కుదిపింది, మూటలు వెనక్కి జారాయి, తొట్టి వెనక తలుపు ఊడి రెండు మూటలు దబ్బున రోడ్డు మీద పడి చిరిగాయి. నా కాళ్లు పైకి లేచాయి, తల వెనక్కి పోయింది. రోడ్డు మాయమైంది. ఎదురుగా ఒక తెల్ల మబ్బు, దాని కింద ఒక గద్ద.

"యా అల్లా!" అన్నాడు మస్తాను.

"ఓ వెంకటరమణా!" అన్నాను నేను.

పైవాళ్లిద్దరికీ వినబడినట్టుంది. బండి తోక నేలకానించి అక్కడే ఆగింది. బోల్తా పడలేదు.

"మస్తానూ, దిగుదామా?" అన్నాను గుసగుసగా, గట్టిగా మాట్లాడితే ఇంకా లేస్తుందేమోనని.

"దిగొద్దక్కా. ముందరపక్క ఉండే బరువు మనమిద్దరమే. మనం దిగితే ఇంకా లేస్తాది."

"ఇప్పుడు నా బరువు గూడా లెక్కలోకి వచ్చిందా?"

"అప్పుడూ ఉండింది అక్కా."

వాణ్ణి అక్కడే కొరికేసేదాన్ని. కానీ కదలడానికి లేదు.

అంతలో వెనక బస్సు వచ్చి ఆగింది. రోడ్డుకు అడ్డంగా మేమున్నాం, ఆగక ఏం చేస్తుంది? బెల్లం ఉన్నచోట ఈగలు చేరతాయంటారు. ఆ రోజు ఈగల కన్నా ముందు సలహాలు చేరాయి. ఒకాయన గేరు మార్చమన్నాడు. ఒకాయన హారను కొట్టమన్నాడు, ఎవరి కోసమో మరి. ఒక ముసలామె దిష్టి తగిలింది, ఎర్రనీళ్లు తిప్పిపోయండి అంది. వాళ్లందరినీ తోసుకుంటూ మా మరిది వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, తల పైకెత్తి నన్ను చూశాడు.

"ఏంది వదినా! ధర్మవరానికి పోతావనుకుంటే స్వర్గానికి పోతాండావే?"

జనం గొల్లుమన్నారు. వాడు ఇంకా రెచ్చిపోయాడు. "సూస్తిరా అప్పా! నేను చెప్తానే ఉండా. ఇంగ బండి అమ్మేద్దాం. కొనేవాళ్లకు ముందు చక్రాలు కొత్తగానే ఉండాయి, అరగలేదని చెప్పుకోవచ్చు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంతోనే లెండి. పై నుంచి ఉమ్మేద్దామంటే గాలి నా వైపే వీస్తోంది.

నలుగురు మగవాళ్లు ముందు బంపరు పట్టుకుని వేలాడారు. బండి మెల్లగా దిగింది. చక్రాలు నేలకు తగిలాయి. "వచ్చింది, వచ్చింది!" అని అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టడానికి ఆ నలుగురూ చేతులు వదిలారు. బండి మళ్లీ లేచింది. నేను రెండోసారి గద్దను చూశాను. అది కూడా నన్ను గుర్తుపట్టినట్టుంది.

చివరికి ఎదురుగా వచ్చిన బండల లారీ ఒకటి ఆగింది. తలకు తుండుగుడ్డ చుట్టుకున్న పెద్దాయన దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎంతేసినారమ్మా?"

"ఇరవై ఐదు క్వింటాళ్లు," అన్నాను. అంత ఎత్తున కూర్చుని కూడా గొంతులో పొగరు తగ్గలేదు. "తలుపు మీద రాసిందే ఏసినాం. ఒక్క కిలో ఎక్కువ లేదు."

"మరి బండినెందుకు తెచ్చినారు? ఇంట్లో పెట్టి రావాల్సింది."

"అంటే?"

"పై అంకె ఒట్టి బండి బరువు. కింద అంకె బండీ, సరుకూ, తోలేవాడూ, పక్కన కూచున్న నువ్వూ, అందరూ కలిసి. కిందదాంట్లో పైది తీసెయ్. ఎంత మిగిలింది?"

అంకెలు నాకు వచ్చని చెప్పాను కదా. ఆ రోజే మొదటిసారి రానట్టు నటించాలనిపించింది. "పదకొండు వందలు."

"అందులో మీరిద్దరూ పోతే?"

"వెయ్యి అనుకో."

"ఎన్ని మూటలు?"

"ఇరవై," అన్నాను. ఆ ఇరవై నా నోట్లో వేపపువ్వులా తగిలింది. ఉగాది ఒక రోజు ముందే వచ్చింది. తనకు మాలిన ధర్మం లేదని పెద్దలన్నారు. తన బరువుకు మాలిన సరుకు కూడా లేదని ఎవరైనా అని ఉంటే బాగుండేది. అన్నాడు ఒకడు, పొద్దున్నే, మండీ ముందు. నేనే గమ్మునుండమన్నాను.

మస్తాను, 'నేను చెప్పలేదా' అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే వాడి మీద అరిచి కాస్త తేలికపడేదాన్ని. అనకుండా కూర్చుని నన్ను చంపాడు. అందుకని ఆ కోపమంతా కిందున్న ఎనిమిదో తరగతి మీదకు మళ్లించాను.

"ఏమప్పా ఓబులేసూ! చదివినావే, ఆర్ అని, ఎల్ అని! సరిపోయింది అన్లేదా నువ్వు?"

"నేను అక్షరాలు చదివితిని గాని," అని నసిగాడు, "అవి ఏం చెప్తాండాయో చదవలేదు."

ఈసారి జనం వాడిని చూసి నవ్వారు. బస్సులోని మగవాళ్లు వెనక నుంచి మూటలు దించుతూ పోయారు. దించేకొద్దీ బండి మర్యాదగా తల వంచుకుని నాలుగు కాళ్ల మీదకు వచ్చింది. నేను కిందికి దిగి నేలను ఒకసారి తొక్కి చూశాను, ఉందా లేదా అని. చిరిగిన రెండు మూటలను చెరో గోనెపట్టాతో చుట్టి కట్టాం. మస్తాను ఖాళీ బండిని కుంటించుకుంటూ పెనుకొండకు తీసుకుపోయి, విరిగిన పట్టీ మార్పించుకుని వచ్చేసరికి ఎండ నెత్తిమీదికి ఎక్కుతోంది. లారీ, బస్సు ఎప్పుడో పోయాయి. ధర్మవరం పోయే ఇంకో బస్సు వచ్చి ఆగింది. అప్పటిదాకా తమాషా చూస్తూ నిలబడ్డ ఓబులేసు అందులో ఎక్కబోయాడు.

"నువ్వు యాడికి?" అన్నాను.

"ధర్మవరానికి. నువ్వెట్లాగూ ఓడిపోతివి. అంగడాయనకు చెప్పొద్దా?"

"పొద్దు ఇంగా గూకలేదు. ఇరవై ఒక తూరి, ఇరవై ఒక తూరి, పది ఒక తూరి. మూడు తూర్లు."

"మూడు తూర్లా? ఒకే లోడు గదా మాట!"

"పొద్దు గూకేలోపల అన్నావు. ఒకే తూరి అని అన్లేదు. పొద్దున హమాలీలంతా విన్నారు."

"సరే, తోలుకో పో. నేను పోతాండా."

"పో. మండీ సరుకు రోడ్డు మీద ఉండాది. జేబులో చీటీ మీద ఉండే సంతకం నాదా, నీదా?"

వాడి కాలు బస్సు మెట్టు మీద నుంచి దానంతట అదే దిగింది. బస్సు వెళ్లిపోయింది.

మొదటి తూరి ఇరవై మూటలు నేనే లెక్కపెట్టి, మస్తానుతో, మా మరిదితో తొట్టి మధ్యలో పేర్పించాను. బండి లేడిపిల్లలా పరిగెత్తింది. ధర్మవరంలో దించి తిరిగి వచ్చేసరికి మా మరిది మూటల మీద తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉన్నాడు. "వదినా, చీమలు," అన్నాడు. రొద్దం దాకా కబురు పోయినట్టుంది, చీమలు బారులు బారులుగా వస్తున్నాయి. "నీ అక్షరాల మాదిరే ఉండాయి, చదువుకో," అన్నాను. రెండో తూరి తిరిగి వచ్చేసరికి చీమల్ని దులపడం కూడా మానేశాడు. చిరిగినవాటిలో మిగిలిన మూటలోంచి బెల్లం కారిపోకుండా దాని మీదే కూర్చున్నాడట పాపం, చిరుగుకు మూతలా. పైన ఎండ, కింద బెల్లం. బెల్లం ఎక్కించనేల, చీమలు దులపనేల!

మూడో తూరి పది మూటలు. తొమ్మిది ఎక్కించాం. పదోది ఎత్తబోతే దానితో పాటు మా మరిది లేచాడు. కరిగి, ఆరి, పాకం పట్టిన బెల్లం వాడి పంచెనూ గోనెనూ ఒకటి చేసేసింది.

"పంచె ఇప్పేసి లెయ్యప్పా," అన్నాడు మస్తాను.

"వదిన ముందరా? రోడ్డు మీదా? సచ్చినా లెయ్యను!"

పొద్దు వాలుతోంది. వాదించడానికి టైము లేదు. మూటతో సహా ఎత్తి తొట్టిలో వేశాం. అప్పుడు కూడా ముందు లెక్క చూసుకున్నాను. పది మూటలు, ఒక మరిది. చాలా ఖాళీ ఉంది.

ధర్మవరం చేరేసరికి పొద్దు కొండల అంచు మీద ఎర్రగా వేలాడుతోంది. అంగడి ముందు హమాలీలు దించడం మొదలుపెట్టారు. అంగడాయన ప్రతి మూటనూ కాటా మీద పెట్టించి తూచుకుంటున్నాడు. నలభై ఎనిమిది, నలభై తొమ్మిది. చివరి మూట దగ్గర హమాలీ ఆగిపోయాడు.

"అమ్మా, ఈ యాభయ్యో మూట మూలుగుతాంది."

"అదీ సరుకే. దించు," అన్నాను.

ఇద్దరు కలిసి దించి కాటా మీద పెట్టారు. అంగడాయన కళ్లజోడు సవరించుకుని చూశాడు. నూట పది కిలోలు. "ఏమమ్మా, యాభై కిలోల మూట నూట పది తూగుతాందే?"

నేను నోరు తెరిచేలోపలే మస్తాను నేలను చూస్తూ అన్నాడు.

"ఆ అంకెలో మనిషి గూడా ఉండాడు సారూ."

పొద్దున్నుంచి నాలో కుతకుతలాడిన కోపం అక్కడ పగిలింది. మెట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. "మనిషి పోయి మూటలో ఎక్కుతాడా, మస్తానూ?" అన్నాను. వాడు నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

కాటా మీద నుంచి ఓబులేసు కొండల వైపు చూశాడు. పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు. రెండు చేతులూ జోడించాడు.

"వదినా, బండి నీదే. నోరెత్తితే ఒట్టు. కొంచెం వేణ్ణీళ్లు పోయించి నన్ను ఈడ నుంచి ఊడదియ్యి తల్లీ."

మర్నాడు ఉగాది. పచ్చడిలో వేపపువ్వు మాత్రం ఏరి నోట్లో పెట్టుకుని, టెంపో తలుపు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ అంకె ఎంత పెద్దదిగా కనబడినా మురిసిపోను. అందులో ఎవరెవరు కూర్చున్నారో అడుగుతాను. అందరినీ పేరుపేరునా దించి, చివరికి మిగిలినదే నా సరుకని నమ్ముతాను. మస్తాను నోరు తెరిస్తే గమ్మునుండమని ఈ జన్మలో అనను.

ఇందులో మస్తాను ముక్క మూడో రోజుకే తప్పింది. అంకెల ముక్క మాత్రం ఆ బండి ఉన్నన్నాళ్లూ నిలబడింది, నాలుగు చక్రాలూ నేల మీదే పెట్టుకుని.